ఫిల్లింగ్ అంచున మళ్లీ పుచ్చు: ఏ పదార్థం ఎంతవరకు కాపాడుతుంది?

ప్రశ్న: నా వయసు 36. కింది వరుసలో రెండు దవడ పళ్లకు ఆరేళ్ల కిందట పంటి రంగు ఫిల్లింగులు పెట్టించుకున్నాను. ఈ మధ్య ఒక ఫిల్లింగు పక్కన పళ్ల సందులో ఆహారం ఇరుక్కుంటోందని చూపిస్తే, డాక్టరు ఎక్స్‌రే తీసి, చిగురు దగ్గర ఫిల్లింగు అంచున మళ్లీ పుచ్చు మొదలైందన్నారు. పాతది తీసేసి అడుగున గ్లాస్ అయనోమర్ సిమెంటు, దానిపైన కాంపోజిట్ పెడతామంటున్నారు. ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తూ పుచ్చును తామే ఆపేసే ఫిల్లింగులు వచ్చాయని ఒక స్నేహితురాలు చెప్పింది. నిజమైతే మొత్తం వాటితోనే ఎందుకు నింపకూడదు? మా అమ్మకు 67 ఏళ్లు. బీపీకి, నిద్రకు మాత్రలు వేసుకుంటారు. నోరు ఎప్పుడూ ఎండిపోతుంటుంది, నాలుగైదు పళ్లు చిగుళ్ల దగ్గర పుచ్చుతున్నాయి. ఏడేళ్ల మా పాపకు వెనుక దవడ పన్ను ఇంకా పూర్తిగా పైకి రాకముందే గాడుల్లో సీలెంట్ వేయాలంటున్నారు. ఇన్నిటి నుంచి ఫ్లోరైడ్ నోట్లోకి వస్తుంటే ప్రమాదం కాదా?

సమాధానం: మీ ఉత్తరంలో ముగ్గురి పళ్ల సంగతి ఉంది, ముగ్గురికీ ఒకే పదార్థం సరిపోదు. ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు చెబుతాను. పుచ్చును అడ్డుకోవడంలో సాయపడే ఫిల్లింగు పదార్థాలు ఉన్నమాట నిజమే. వాటిలో ఎక్కువ కాలంగా వాడుకలో ఉన్నదీ, ఎక్కువగా పరీక్షకు నిలిచినదీ మీ డాక్టరు పేరు చెప్పిన గ్లాస్ అయనోమర్ సిమెంటే. అయితే దాని రక్షణ ఫిల్లింగు పంటిని తాకే అంచున, ఆ అంచును ఆనుకుని ఉన్న సన్నని మేరలో మాత్రమే బలంగా ఉంటుంది. పక్క పన్నుకు కొద్దిగా మేలు జరగవచ్చు, అంతకు మించి ఆశించకూడదు. నోట్లో పుచ్చుకు కారణమైన పరిస్థితి అలాగే ఉంటే ఏ ఫిల్లింగూ పళ్లన్నిటినీ కాపాడలేదు. మీ పంటికి మీ డాక్టరు చెప్పిన పద్ధతి సరైనదని నా అభిప్రాయం. ఎందుకు సరైనదో అర్థం కావాలంటే, మొదటి ఫిల్లింగు అక్కడే ఎందుకు దెబ్బతిన్నదో తెలియాలి.

పళ్ల మీద పేరుకునే పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పాచి కింద పీహెచ్ (ఎంత తగ్గితే ఆమ్లగుణం అంత ఎక్కువని చెప్పే కొలత) సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు పంటి పైపొర అయిన ఎనామెల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోవడం మొదలవుతుంది. ఎనామెల్ కింద ఉండే డెంటిన్ ఇంకా సున్నితమైనది. పీహెచ్ 6 పైన ఉండగానే అది ఖనిజాన్ని కోల్పోతుంది. తిన్న తర్వాత అరగంట నుంచి గంటలోపు లాలాజలం ఆ ఆమ్లాన్ని తటస్థం చేసి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి చేరుస్తుంది. కరగడం, చేరడం అనే ఈ రెంటి మధ్య లెక్క రోజూ నష్టంవైపే తేలితే పుచ్చు ఏర్పడుతుంది. ఆ సమయంలో అతి కొద్ది ఫ్లోరైడ్ అక్కడ ఉన్నా లెక్క మారుతుంది. అది కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది, తిరిగి చేరే ఖనిజాన్ని ఆమ్లానికి మరింత ఓర్చుకునే రూపంలో చేరుస్తుంది. ఫ్లోరైడ్‌ను విడుదల చేసే ఫిల్లింగు వెనుక ఉన్న ఆలోచన ఇదే: ప్రమాదం ఉన్న చోటే, ప్రమాదం ఉన్న వేళకే ఫ్లోరైడ్ అందుబాటులో ఉండాలి.

ఇక మీ పాత కాంపోజిట్ విషయం. కాంపోజిట్ అంటే గాజు రేణువులు కలిపిన రెజిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం. నీలి కాంతి వేసినప్పుడు అది గట్టిపడుతూ ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. పంటిని ఆమ్లంతో గరుకు చేసి, బంధక ద్రవం పూసి దాన్ని అతికిస్తారు కాబట్టి, ఎనామెల్ ఉన్న చోట ఆ అతుకు ఈ కుంచింపును తట్టుకుంటుంది. రెండు పళ్ల మధ్య గుంట కిందికి, చిగురు దాకా దిగినప్పుడు మాత్రం ఆ అడుగు మెట్టు దగ్గర ఎనామెల్ చాలా పలుచగా ఉంటుంది, లేదా అసలు ఉండదు. అక్కడ అతుకు డెంటిన్‌కే పట్టుకోవాలి. డెంటిన్‌లో తడి ఉంటుంది. పక్కనే చిగురు నుంచి ద్రవమో రక్తమో ఊరుతుంటుంది. కాంతి గొట్టానికి అన్నిటికంటే దూరంగా ఉండే చోటు కూడా అదే. ఇన్ని ప్రతికూలతల మధ్య వేసిన అతుకు కొన్నేళ్లకు నీటి వల్ల, లాలాజలంలోని ఎంజైముల వల్ల బలహీనపడి సన్నని సందు ఏర్పడుతుంది. కాంపోజిట్‌కు ఆమ్లాన్ని తటస్థం చేసే గుణం లేదు, పైగా దాని మీద పాచి కాస్త ఎక్కువగానే పట్టుకుంటుంది. ఫిల్లింగు అంచున మళ్లీ వచ్చే పుచ్చు చాలామందిలో సరిగ్గా ఈ అడుగు మెట్టు దగ్గరే మొదలవడానికి కారణం ఇదే. మీ డాక్టరు పని చెడగొట్టారనో, మీరు అశ్రద్ధ చేశారనో అనుకోవాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఫిల్లింగు చుట్టూ గోధుమ రంగు గీత కనబడినంత మాత్రాన అది పుచ్చు కాదు. టీ, కాఫీల మరక సన్నని అంచులోకి దిగినా అలాగే కనిపిస్తుంది. మరకను చూసి పుచ్చు అనుకుని బాగున్న ఫిల్లింగును తీసేయడం వల్ల ప్రతిసారీ గుంట ఇంకొంచెం పెద్దదై పన్ను బలహీనపడుతుంది. మీ విషయంలో ఆహారం ఇరుక్కుంటోంది, ఎక్స్‌రేలో అంచు కింద నల్లని నీడ ఉంది కాబట్టి అనుమానానికి చోటు తక్కువ. అయినా ఆ ఎక్స్‌రేను మీకు చూపించమని అడగండి. దాంతోపాటు మొత్తం ఫిల్లింగు తీయాలా, లేక పాడైన భాగం వరకే తీసి సరిచేయడం సాధ్యమా అని కూడా అడగండి. మీ రెండో ఫిల్లింగు బాగుంటే దాన్ని ముట్టుకోనవసరం లేదు.

ఇప్పుడు గ్లాస్ అయనోమర్ సంగతి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ముందు పళ్లకు సిలికేట్ సిమెంటు వాడేవారు. అది త్వరగా అరిగిపోయేది, రంగు మారేది, కానీ దాని చుట్టూ కొత్తగా పుచ్చు రావడం మాత్రం అరుదని డాక్టర్లు గమనించారు. ఆ గాజును కరిగించి తయారు చేయడంలో ఫ్లోరైడ్ లవణాలు వాడేవారు, ఆ ఫ్లోరైడ్ నెమ్మదిగా బయటికి వచ్చి పంటికి చేరేది. ఆ మంచి గుణాన్ని నిలుపుకుంటూనే పంటికి అతుక్కునే సిమెంటును లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో పనిచేసిన ఆలన్ విల్సన్, బ్రయన్ కెంట్ 1969లో రూపొందించారు. 1972లో దాన్ని దంతవైద్య లోకానికి పరిచయం చేశారు. ఫ్లోరైడ్ ఉన్న అల్యూమినో సిలికేట్ గాజు పొడి, పాలీ యాక్రిలిక్ ఆమ్లపు ద్రవం కలిస్తే గ్లాస్ అయనోమర్ అవుతుంది. ఆమ్లం గాజు రేణువుల పైపొరను కరిగిస్తుంది, విడుదలైన కాల్షియం, అల్యూమినియం ఆ ఆమ్లపు గొలుసులను కట్టిపడేసి ముద్దను గట్టిపరుస్తాయి, అదే ఆమ్లం పంటిలోని కాల్షియంతోనూ రసాయన బంధం వేసుకుంటుంది. విడిగా జిగురు అక్కర్లేదు. గట్టిపడేటప్పుడు కాంపోజిట్‌లా ఒక్కసారిగా కుంచించుకుపోయి అంచును లాగేయదు. కాస్త తేమ ఉన్న డెంటిన్‌ను కూడా పట్టుకుంటుంది. చిగురు దగ్గరి మెట్టుకు కావాల్సిన గుణాలన్నీ ఇవే.

ఈ సిమెంటు పెట్టడంలో ఒక చిన్న మెలకువ ఉంది, దాన్ని తెలుసుకుంటే కుర్చీలో కూర్చున్నప్పుడు డాక్టరు ఎందుకు తొందరపడుతున్నారో మీకు అర్థమవుతుంది. పొడినీ ద్రవాన్నీ కలిపినప్పుడు ముద్ద పైన ఒక నిగనిగ ఉంటుంది. ఆ నిగనిగ ఉన్నంతసేపే పంటిని పట్టుకోవడానికి కావాల్సిన ఆమ్లం దానిలో మిగిలి ఉందన్నమాట. మెరుపు పోయి మసకగా కనిపించే ముద్దను గుంటలో పెడితే అది నిండినట్టే కనబడుతుంది గానీ సరిగా అతుక్కోదు. గట్టిపడిన తర్వాత మొదటి రోజు అది నీరు తగిలినా, పూర్తిగా ఎండినా దెబ్బతింటుంది కాబట్టి పైన వార్నిష్ లాంటి పూత వేస్తారు. ఆ రోజు ఆ వైపున గట్టివి నమలవద్దని చెబుతారు. ఇది మొక్కుబడి సలహా కాదు, పాటించండి.

ఫ్లోరైడ్ విడుదల విషయానికి వస్తే, మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎక్కువగా వస్తుంది, తర్వాత వేగంగా తగ్గి, కొన్ని వారాల్లో అతి తక్కువ స్థాయికి చేరి, ఆ స్థాయిలో ఏళ్ల తరబడి కొనసాగుతుంది. ఆమ్లం తగిలినప్పుడు ఆ విడుదల పెరుగుతుంది, ఆమ్లాన్ని కూడా కొంత తటస్థం చేస్తుంది. ఇంకో ముఖ్యమైన గుణం, ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో తోముకున్న ప్రతిసారీ అది కొంత ఫ్లోరైడ్‌ను తనలోకి తీసుకుని తర్వాత మళ్లీ వదులుతుంది. తగ్గిపోయిన చెరువులోకి కాలువ నీరు చేరినట్టు అన్నమాట; కాలువ ఆగిపోతే చెరువు ఎన్నాళ్లో నిలవదు. టూత్‌పేస్టు మానేసి ఫిల్లింగు మీద భారం వేయడం కుదరదు.

మరి మొత్తం గుంటను దీనితోనే ఎందుకు నింపకూడదన్నది మీ ప్రశ్న. గ్లాస్ అయనోమర్ పెళుసుగా ఉంటుంది. పెద్దవారి దవడ పళ్లలో రెండు పళ్ల సందు దాకా విస్తరించిన గుంటను పూర్తిగా దానితో నింపితే, నమిలే ఒత్తిడికి మధ్యలో విరగవచ్చు, లేదా పైభాగం అరిగిపోయి పక్క పన్నుతో ఆనిక తప్పి మళ్లీ ఆహారం ఇరుక్కోవచ్చు. అందుకే అడుగు మెట్టు వరకు గ్లాస్ అయనోమర్ పెట్టి, నమిలే భాగాన్ని కాంపోజిట్‌తో కడతారు. దీన్ని డాక్టర్లు శాండ్‌విచ్ పద్ధతి అంటారు. అందులో రెండు రకాలున్నాయి, తేడా మీకు ముఖ్యం. ఒకదానిలో గ్లాస్ అయనోమర్ లోపలే ఉండిపోయి, దాని చుట్టూ అన్ని వైపులా కాంపోజిట్ కప్పేస్తుంది. అప్పుడు ఫ్లోరైడ్ అంచుకు చేరే దారి ఉండదు. రెండోదానిలో చిగురు దగ్గరి అంచున గ్లాస్ అయనోమరే బయటికి తెరిచి ఉంటుంది. మీకు కావాల్సింది ఈ రెండోది. ఇలాంటి చోట మామూలు గ్లాస్ అయనోమర్ కంటే, 1980ల చివర్లో వచ్చిన రెజిన్ కలిపిన రకం మెరుగ్గా నిలుస్తుంది. అది కాంతితో వెంటనే గట్టిపడుతుంది, అంత తేలికగా కరగదు, ఫ్లోరైడ్‌ను దాదాపు అంతే విడుదల చేస్తుంది. మీ డాక్టరు ఏ రకం వాడబోతున్నారో, అంచును ఎలా వదలబోతున్నారో అడగడంలో తప్పేమీ లేదు.

ప్రయోగశాలలో ఫ్లోరైడ్ విడుదలైందని కొలిచినంత మాత్రాన నోట్లో పుచ్చు ఆగుతుందని చెప్పలేం, ఈ విషయంలో నేను జాగ్రత్తగానే మాట్లాడాలనుకుంటున్నాను. తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స పొంది, లాలాజలం బాగా తగ్గిపోయిన రోగుల్లో పుచ్చు చాలా వేగంగా వస్తుంది కాబట్టి, ఈ పదార్థాలను వారిలో పరీక్షించి చూశారు. ఇంట్లో వేసుకోమన్న ఫ్లోరైడ్ జెల్‌ను క్రమంగా వాడనివారిలో, గ్లాస్ అయనోమర్ ఫిల్లింగుల పక్కన పుచ్చు మిగతా పదార్థాల పక్కన కంటే స్పష్టంగా తక్కువగా ఉంది. జెల్‌ను క్రమం తప్పకుండా వాడినవారిలో ఏ పదార్థం పక్కనా పుచ్చు పెద్దగా రాలేదు, పైగా వారిలో గ్లాస్ అయనోమరే ఎక్కువగా అరిగిపోయింది. ఈ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను. రోజువారీ ఫ్లోరైడ్ అందని నోట్లో ఈ సిమెంటు చేసే మేలు పెద్దది, అందుతున్న నోట్లో ఆ మేలు చిన్నది. అంచు చిగురు దగ్గర ఉండి, బ్రష్ సరిగా చేరని మీ పంటి సందు మొదటి కోవలోకే వస్తుంది.

వెండి ఫిల్లింగు అనే అమాల్గం గురించి మీరు అడగలేదు గానీ, ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2021లో వెలువరించిన సమీక్ష ప్రకారం శాశ్వత దవడ పళ్లలో అంచున మళ్లీ పుచ్చు రావడం అమాల్గంతో కంటే కాంపోజిట్‌తో దాదాపు రెండింతలు ఎక్కువ. అమాల్గం ఫ్లోరైడ్ ఇవ్వదు. కాలక్రమంలో దాని నుంచి ఏర్పడే తుప్పు పదార్థాలే అంచు సందును పూడ్చేస్తాయి. దానిలో సగం వరకు పాదరసం ఉండటం వల్ల, పాదరసం వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు 2013లో చేసుకున్న మినమాతా ఒప్పందం తర్వాత ప్రపంచమంతటా దాని వాడకం తగ్గుతోంది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాన్ని చాలావరకు నిషేధించింది. మీ అమ్మగారి నోట్లో పాత వెండి ఫిల్లింగులు బాగానే ఉంటే వాటిని తీయించనవసరం లేదు. కాంపోజిట్ ఆ స్థానంలోకి వస్తున్నకొద్దీ అంచు పుచ్చును అడ్డుకునే పదార్థాల అవసరం పెరిగిందన్నది మాత్రం నిజం.

మీ స్నేహితురాలు చెప్పిన కొత్త పదార్థాలు బహుశా ఇవై ఉంటాయి. జపాన్‌లో రూపొందిన జయోమర్ అనే రకంలో ముందే ఆమ్లంతో చర్య జరిపిన గాజు రేణువులను కాంపోజిట్‌లో కలుపుతారు. అది ఫ్లోరైడ్‌తో పాటు మరికొన్ని అయాన్లను (విద్యుదావేశం ఉన్న కణాలను) విడుదల చేస్తుంది. ఆల్కసైట్ అనే రకంలో క్షార గుణం గల గాజు ఉంటుంది, పీహెచ్ తగ్గినప్పుడు ఫ్లోరైడ్, కాల్షియం, హైడ్రాక్సైడ్ అయాన్లను ఎక్కువగా వదిలి ఆమ్లాన్ని తటస్థం చేయడానికి ప్రయత్నిస్తుంది. స్ఫటిక రూపం లేని కాల్షియం ఫాస్ఫేట్‌ను రెజిన్‌లో కలిపి, కరిగిపోతున్న పంటికి ఖనిజాన్ని తిరిగి అందించాలని 1990ల నుంచి పరిశోధనలు సాగుతున్నాయి. బాక్టీరియాను తాకి చంపే రసాయనాన్ని బంధక ద్రవంలోనే కట్టిపడేసే ఆలోచనకూ ఆ దశాబ్దంలోనే జపాన్ పరిశోధకులు రూపమిచ్చారు. కొన్ని బంధక ద్రవాల్లో అది ఇప్పటికే వాడుకలో ఉంది. ఇవన్నీ ఆశ కలిగించేవే. అయితే ప్రయోగశాలలో చూపిన గుణాన్ని మనుషుల నోట్లో పదేళ్లపాటు చూపిన దాఖలాలు గ్లాస్ అయనోమర్‌కు ఉన్నంతగా వీటికి ఇంకా సమకూరలేదు. డబ్బా మీద బయోయాక్టివ్ (పంటితో చర్య జరిపి మేలు చేసేది) అని ముద్రించి ఉన్నంత మాత్రాన ఆ పదార్థం మీ పంటికి ఉత్తమమని అనుకోకండి. మీ డాక్టరుకు బాగా చేయి తిరిగిన పదార్థాన్ని, పొడిగా ఉన్న గుంటలో, ఓపిగ్గా పెట్టించుకోవడం వల్ల కలిగే లాభం, చేతికి కొత్తైన ఖరీదైన పదార్థం వల్ల కలిగే లాభం కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది.

మీ అమ్మగారి పరిస్థితి మీ దానికంటే తీవ్రమైనది. వయసుతో చిగుళ్లు కిందికి జరిగి పంటి వేరు బయటపడుతుంది, వేరు మీద ఎనామెల్ ఉండదు. లాలాజలం తగ్గినప్పుడు ఆమ్లాన్ని తటస్థం చేసేదీ, ఖనిజాన్ని తిరిగి చేర్చేదీ ఉండదు కాబట్టి ఆ వేర్లు నెలల వ్యవధిలోనే పుచ్చుతాయి. అలాంటి చోట గ్లాస్ అయనోమర్‌దే మొదటి స్థానం. నమిలే ఒత్తిడి అక్కడ తక్కువ, చిగురు పక్కనే ఉండటంతో పూర్తిగా పొడిగా ఉంచడం కష్టం, డెంటిన్‌కు అతకాలి, ఫ్లోరైడ్ కావాలి. ఇన్ని అవసరాలకూ సరిపోయే పదార్థం మరొకటి లేదు. కొన్ని పళ్లకు గుంట తవ్వే అవసరం లేకుండానే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పూసి పుచ్చును అక్కడితో ఆపవచ్చు. జపాన్‌లో దశాబ్దాలుగా వాడుతున్న 38 శాతం ద్రవంలో సుమారు 44,800 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ ఉంటుంది, వెండి బాక్టీరియాను చంపుతుంది. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, ఈ సంగతి ముందే ఆమెకు చెప్పి, ఆమె ఇష్టప్రకారమే చేయించాలి. వెనుక పళ్లకు చాలామంది సులువుగానే ఒప్పుకుంటారు.

ఆమె విషయంలో ఫిల్లింగు కంటే ముఖ్యమైనవి మరికొన్ని ఉన్నాయి. నోరు ఎండిపోవడానికి ఏ మాత్ర కారణమో మందులు రాసిన వైద్యుణ్ని అడగండి. మార్చే వీలుంటే ఆయనే మారుస్తారు, మీరుగా ఏదీ ఆపవద్దు. డాక్టరు రాసిస్తే 5000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్టు వాడవచ్చు. వేరు పుచ్చు ఉన్న పెద్దలకు అది బాగా పనిచేస్తుంది. ఫ్లోరైడ్ జెల్ వేస్తే ఆమ్లగుణం లేని రకమే వేయమని చెప్పండి, ఎందుకంటే ఆమ్లగుణం ఉన్న జెల్ గ్లాస్ అయనోమర్ పైపొరను తినేస్తుంది. నోరు తడిగా ఉండటానికి రోజంతా చక్కెర బిళ్లలు చప్పరించే అలవాటు ఉంటే దాన్ని మాన్పించి, చక్కెర లేనివి ఇవ్వండి, లేదా మాటిమాటికీ నీళ్లు కొద్దికొద్దిగా తాగమనండి. నోరు ఎండిపోయినవారికి ఆ బిళ్లలు చేసే హాని ఏ ఫిల్లింగూ పూడ్చలేనిది.

పాప సంగతి చూద్దాం. ఆరు, ఏడేళ్లకు వచ్చే మొదటి దవడ పన్ను పాల పళ్ల వెనుక వస్తుంది. అది పైకి రావడానికి నెలలు పడుతుంది, అంతవరకు పక్క పళ్ల ఎత్తుకు అందక బ్రష్‌కు దొరకదు, గాడులు మాత్రం లోతుగా ఉంటాయి. శాశ్వత దంతాల్లో పుచ్చు ఎక్కువగా మొదలయ్యేది దానితోనే. ఎనామెల్‌ను ఆమ్లంతో గరుకు చేసి రెజిన్‌ను అతికించవచ్చని మైఖేల్ బూనకోర్ 1955లో చూపించిన తర్వాత, గాడులను రెజిన్‌తో మూసే సీలెంట్లు వచ్చాయి, అవి పుచ్చును బాగా అరికడతాయి. రెజిన్ సీలెంట్‌కు పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి. సగం వచ్చిన పంటి వెనుక భాగాన్ని చిగురు ఇంకా కప్పి ఉంటుంది కాబట్టి అది దాదాపు అసాధ్యం. అందువల్ల ఇప్పుడు గ్లాస్ అయనోమర్‌తో గాడులను మూసి, పన్ను పూర్తిగా పైకి వచ్చాక అవసరమైతే రెజిన్ సీలెంట్ వేయించడం మంచి పద్ధతి. గ్లాస్ అయనోమర్ సీలెంట్ త్వరగా అరిగిపోతుందన్నది నిజమే అయినా, పైకి ఊడిపోయినట్టు కనిపించిన తర్వాత కూడా గాడుల అడుగున మిగిలిన కొద్దిపాటి సిమెంటు పనిచేస్తూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యావశ్యక మందుల జాబితాలో ఫ్లోరైడ్ టూత్‌పేస్టును, సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్‌ను, గ్లాస్ అయనోమర్ సిమెంటును చేర్చింది. మీ ఇంట్లో ముగ్గురికీ కావాల్సినవి దాదాపు ఆ మూడే.

ఫ్లోరైడ్ వల్ల ప్రమాదమేమోనన్న మీ భయం సహజమే. పళ్లపై మచ్చలు తెచ్చే ఫ్లోరోసిస్, చిన్నతనంలో పళ్లు దవడ ఎముకలో తయారయ్యే ఏళ్లలో, నీటి ద్వారానో మింగిన టూత్‌పేస్టు ద్వారానో ఎక్కువ ఫ్లోరైడ్ చాలాకాలం శరీరంలోకి చేరినందువల్ల వస్తుంది. మొదటి రోజులు గడిచాక ఫిల్లింగు నుంచి వచ్చేది మైక్రోగ్రాముల లెక్కలో ఉంటుంది, పైగా అది పంటి అంచునే ఎక్కువగా ఖర్చవుతుంది. మీ పాప విషయంలో సీలెంట్ గురించి కంటే, టూత్‌పేస్టు బఠానీ గింజంత మాత్రమే పెట్టుకుంటోందా, ఉమ్మేస్తోందా అన్నది చూడటం ముఖ్యం.

మీ పంటికి చికిత్స జరిగే రోజు గమనించాల్సినవి రెండున్నాయి. పన్ను పొడిగా ఉండాలి. వీలైతే రబ్బరు డ్యామ్ అనే పలుచని తెర వేసి పని చేయమని అడగండి. రెండు పళ్ల మధ్య బిగుతుగా పట్టీ పెట్టి, దాని కింద చిన్న చీల బిగించాలి. అలా చేయకపోతే చిగురు దగ్గర సిమెంటు బయటికి పొంగి పెచ్చులా మిగిలి, పాచి పట్టడానికి కొత్త చోటు అవుతుంది. పని అయిన తర్వాత, సిమెంటు బాగా గట్టిపడ్డాక, ఆ సందులో పళ్ల దారం పెట్టి చూడండి. దారం బిగుతుగా టక్కుమని దిగి, చిగురు దగ్గర చిక్కుకోకుండా, పీచులు లేవకుండా బయటికి రావాలి. పీచులు లేస్తే వెంటనే తిరిగి వెళ్లి ఆ అంచు నునుపు చేయించుకోండి. పుచ్చు నరం దగ్గరి దాకా ఉంటే, అడుగున మెత్తబడిన డెంటిన్‌ను కొద్దిగా వదిలేసి పైన గట్టిగా మూసేయడం ఇప్పుడు అంగీకృతమైన పద్ధతే. అంచుల చుట్టూ మాత్రం గట్టి డెంటిన్ తగిలేదాకా శుభ్రం చేయాలి. డాక్టరు అలా చేస్తే పని మధ్యలో వదిలేశారని భయపడకండి. రూట్ కెనాల్ అవసరం రాకుండా పన్నును కాపాడే ప్రయత్నమది.

తర్వాత రోజూ పడుకునే ముందు 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకుని, నురగ ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయండి. ఫిల్లింగులోకి ఫ్లోరైడ్ తిరిగి చేరేది ఆ వేళలోనే. పళ్ల సందులను దారంతోనో సందు బ్రష్‌తోనో రోజుకొకసారి శుభ్రం చేయండి. తీపి తినడం పూర్తిగా మానలేకపోయినా, రోజులో దాన్ని తినే సార్లు తగ్గించండి, ఎందుకంటే పంటికి లెక్క ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు ఆమ్లం తగిలిందన్నది. మీకు ఒకసారి అంచు పుచ్చు వచ్చింది కాబట్టి, ఏడాదికొకసారైనా ఆ సందు కనబడే ఎక్స్‌రే తీయించుకోండి.

ముగ్గురికీ ఒకేసారి చికిత్స చేయించలేకపోతే, మీ అమ్మగారిని ముందు తీసుకెళ్లండి. ఆమె వేర్ల పుచ్చు ఆగకుండా లోతుకు పోతుంది, వేరు చుట్టూ తిరిగితే పన్ను చిగురు దగ్గర విరిగిపోతుంది. పాప పన్ను ఈ కొద్ది నెలల్లోనే ఎక్కువ ప్రమాదంలో ఉంటుంది కాబట్టి సీలెంట్‌ను రెండోదిగా పెట్టుకోండి. ఎక్స్‌రేలో మీ పుచ్చు ఇంకా పైపైనే ఉందని డాక్టరు నిర్ధారిస్తే, సందు శుభ్రంగా ఉంచుకుంటూ మీ పంటికి కొన్ని వారాలు ఆగడంలో నష్టం లేదు. నొప్పి, లేదా చల్లనివి తాకితే చాలాసేపు ఉండే జివ్వుమనే బాధ మొదలైతే మాత్రం ఆ వరుస మార్చి మీరే ముందు వెళ్లండి.